ఐదక్షరాలు, చివర వై

ఫిబ్రవరి 11

మా ఆయన్ను ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చాం. నడవగలరు, కాకపోతే కుడికాలు కాస్త ఈడుస్తారు. కుడిచేతిలో పట్టు లేదు. మాట పోయింది. మిగిలింది ఒక్కటే ముక్క: "అదే." నీళ్ళు కావాలన్నా అదే, వద్దన్నా అదే, వాళ్ళ చెల్లెల్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నా అదే. మిగతాదంతా గొంతులోని ఎత్తుపల్లాలను బట్టి మనం ఊహించుకోవాలి.

మెదడులో మాటలుండే చోటు దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. విన్నది అర్థమవుతుందట, చెప్పాలనుకున్నది బయటికి రాదట. చదవడం కూడా ప్రస్తుతానికి పోయింది. పొద్దున పేపరు చేతికిస్తే బొమ్మలు చూసి పక్కన పెట్టేశారు.

అందుకే ధైర్యంగా ఈ డైరీ మొదలుపెట్టాను. ఈ ఇంట్లో నేను రాసిన ఏ ముక్కనూ ఆయన దిద్దకుండా వదల్లేదు. ఊరెళ్ళినప్పుడు మొక్కలకు నీళ్ళు పోయమని పక్కింటావిడకు రాసిన చీటీని కూడా ఎర్రసిరాతో దిద్ది, పదికి నాలుగు మార్కులు వేసి మరీ ఆవిడకిచ్చారు. ఆవిడ దాన్ని చాలాకాలం దాచుకుంది, నవ్వుకోవడానికి.

ఫిబ్రవరి 12

పొద్దుటి నుంచి "అదే, అదే." టీ చల్లారిపోయిందని కాబోలు. చల్లారిన మాట నిజమే.

ఫిబ్రవరి 14

ఆడపడుచు వచ్చింది. ఉండేది రెండు వీధుల అవతలే కాబట్టి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వచ్చి తేలుతుంది. అన్నగారి మంచం పక్కన కూర్చుని, ఆయన్ను నవ్వించాలని నా కథ ఎత్తుకుంది.

పెళ్ళయిన కొత్తలో, ఆయన అప్పట్లో పనిచేసిన స్కూలు హెడ్మాస్టరు ఇంట్లో విందు. భోజనం ఎలా ఉందని ఆ ఇంటావిడ నన్ను ఇంగ్లీషులో అడిగింది. బాగుందని చెప్పబోయి, భోజనానికే బాగా ఆకలిగా ఉందని చెప్పాను.

"ద ఫుడ్ ఈజ్ వెరీ హంగ్రీ," అంది ఆడపడుచు నా గొంతు పెట్టి. "గుర్తుందా అన్నయ్యా?"

ఆయన పగలబడి నవ్వారు. మాట పోయింది గానీ నవ్వు చెక్కుచెదరలేదు. ఇంటి ముందుగదిలో ఆయన నడిపే ట్యుటోరియల్‌లో ప్రతి కొత్త బ్యాచికీ మొదటి రోజు పాఠం ఈ కథే. ఆ పిల్లలు వీధిలో నాకు ఎదురైతే పెదాలు బిగబట్టుకుని పక్కకు తప్పుకునేవాళ్ళు.

"నువ్వు కూడా నవ్వొచ్చు వదినా, ఏం పోతుంది," అంది.

"పొయ్యి మీద పాలున్నాయి," అని లేచాను. పొయ్యి మీద ఏమీ లేదు.

ఫిబ్రవరి 18

మాటలు నేర్పే టీచరమ్మ ఇవాళ మొదటిసారి వచ్చింది. చిన్నపిల్ల. సంచి నిండా బొమ్మల కార్డులు. కప్పు చూపించింది, "అదే" అన్నారు. చెప్పు చూపించింది, "అదే" అన్నారు. ఆయన మొహం కందిపోతోంది. అక్షరాలు నేర్పి బతికిన మనిషికి చెప్పు బొమ్మ చూపించడమంటే మరి అంతే.

వెళ్ళేముందు ముందుగదిలో ఆగింది. బెంచీలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. బోర్డు పక్కన ఆయన చేత్తో రాసిన చార్టు.

"ఇదేమిటండీ?"

"ఆయన పాఠం. ఇంగ్లీషు మాటలు. అన్నీ ఐదక్షరాలవే, అన్నింటికీ చివర వై. పిల్లలు మాట చెప్పి అర్థం చెప్పాలి. ఒకటి తప్పితే మళ్ళీ మొదటి నుంచి."

"ఎన్నాళ్ళు చెప్పారు?"

"నా పెళ్ళికి ముందు నుంచీ."

ఆమె ఆయన్ను చార్టు ముందుకు నడిపించుకొచ్చింది. ఆయన దానివైపు చూడనైనా లేదు. ఆమె బల్ల మీద తాళంలా తడుతూ "యాంగ్రీ" అని ఆపింది. ఆయన పెదాలు కదిలాయి.

"ఎంప్టీ," అన్నారు. "డర్టీ. హెవీ. మనీ. ఎనిమీ."

నేను చార్టు దగ్గరికి ఒక అడుగు వేశాను. ఆ గొంతే. ఆ దర్జాయే.

"సంతోషపడకండి," అంది టీచరమ్మ. నేను సంతోషపడ్డట్టు ఆమెకు ఎందుకనిపించిందో. "చిన్నప్పటి పాట నోటికి వచ్చినట్టు వస్తున్నాయి. ఇది మాట కాదు, అలవాటు." ఆయనవైపు తిరిగి, "ఎంప్టీ అంటే ఏమిటండీ?" అంది.

"అదే."

"చూశారా. అర్థం చెప్పగలిగిన రోజు మాట తిరిగి వస్తున్నట్టు. రోజూ పొద్దునా సాయంత్రం మీరు పక్కన కూర్చుని చెప్పించాలి. ఓపిగ్గా, నవ్వుతూ."

నవ్వుతూ అట.

ఫిబ్రవరి 19

కళ్ళద్దాల షాపు యజమాని కబురు పెట్టాడు. నేను కౌంటర్లో కూర్చుని ఫ్రేములు సరిచేస్తాను. చెవులకు వదులైతే బిగించడం, ముక్కు మీద గుచ్చుకుంటే సరిచేయడం, కొనలను వేడిగాలిలో పెట్టి వంచడం. సగం పూటైనా రమ్మన్నాడు. బస్టాండు దగ్గర కొత్త షాపు తెరుస్తాడట, దాన్ని నా చేతికిస్తానని మళ్ళీ అన్నాడు.

ఈ మాట జనవరిలోనే ఇంట్లో చెప్పాను. "కస్టమరు వచ్చి ఇంగ్లీషులో అడిగితే ఏం చేస్తావే? కళ్ళద్దాలకు ఆకలేస్తోందంటావా?" అన్నారు. పొట్ట పట్టుకుని నవ్వారు. అక్కడితో ఆ సంగతి వదిలేశాను.

సగం పూట వెళ్తాను. పక్కింటావిడ ఒక కన్నేసి ఉంచుతానంది.

ఫిబ్రవరి 22

ఇవాళ ఒక పని చేశాను.

మధ్యాహ్నం పళ్ళెం ముందు పెట్టి, "తిను," అన్నాను.

ఆయన చెంచా ఆగింది. తలెత్తి చూశారు. నేను కళ్ళు దించలేదు. "తిను, చల్లారిపోతుంది. నువ్వు తింటే నాకు గిన్నెలు కడుక్కునే పనుంది."

"అదే," అన్నారు. అంటే ఏమిటో నాకు తెలుసు. తెలియనట్టు ఊరుకున్నాను.

ఇన్నేళ్ళూ ఏమండీ, మీరు, రండి, పొండి. ఎంత తేలిగ్గా వచ్చేసిందో నోటికి. ఈ పుస్తకంలో కూడా ఇకనుంచి అన్నాడు, చేశాడు అనే రాస్తాను. దిద్దమను.

ఫిబ్రవరి 23

నువ్వు, నువ్వు, నువ్వు.

ఫిబ్రవరి 26

టీచరమ్మ చెప్పినట్టే వారం రోజులు చేశాను. "ఎంప్టీ అంటే ఖాళీ. చెప్పు, ఖాళీ." గోడవైపు చూస్తాడు. "హెవీ అంటే బరువు." కళ్ళు మూసుకుంటాడు. నా దగ్గర పాఠం వినడం కంటే మూగవాడిగా ఉండిపోవడమే నయమనుకున్నట్టున్నాడు.

ఇవాళ నాకు విసుగొచ్చింది. ఆయన వరుసగా అప్పజెబుతూ "బుల్లీ" దగ్గరికి వచ్చాడు. "బుల్లీ అంటే?" అన్నాను. "అదే" అన్నాడు.

"నేను చెప్తాను విను. బుల్లీ అంటే చిన్నది. బుల్లి మొక్క, బుల్లి పాప."

నాకు తెలియక కాదు. వంటింటికీ ఆ గదికీ మధ్య ఒకటే గోడ. బుల్లీ అంటే తనకంటే బలహీనులను ఏడిపించేవాడు. పిల్లలు ఆ ముక్క అరుస్తుంటే నేను వంటింట్లో ఎన్నిసార్లు విన్నానో.

ఆయన మొహం ఎర్రబడింది. మెడ నరాలు పొంగాయి. మంచి చేత్తో బల్ల మీద గుద్దాడు. నోరు అటూ ఇటూ తిప్పుకుని, గొంతులో ఇరుక్కున్నదేదో కక్కినట్టు అన్నాడు.

"కాదు."

ఆయనే ముందు నమ్మలేదు. నన్నే చూస్తున్నాడు.

"అవును," అన్నాను నేను. "చిన్నదే."

"కాదు. కాదు. కాదు."

మార్చి 2

టీచరమ్మ ఉబ్బిపోయింది. "ఒక్క వారంలో 'కాదు' అన్నారా? ఏం చేశారండీ?"

"ఓపిగ్గా చెప్పించాను," అన్నాను.

ఆయన నావైపు చూసిన చూపు వర్ణించను.

మార్చి 7

షాపులో ఫ్రేములు బిగిస్తూ తప్పులు తయారుచేసుకుంటున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చి ఒక్కొక్కటే వదులుతాను.

బెల్లీ అంటే బల్లి.

"కాదు. పొ... పొట్ట."

ర్యాలీ అంటే రాలిపోవడం.

"కాదు. జనం. జనం!"

డీకాయ్ అంటే ఒక రకం కాయ.

దీనికి చాలాసేపు గింజుకున్నాడు. చెంబు విసిరాడు. చెంబు దొర్లుతుండగా "ఎర" అన్నాడు. సరిగ్గా అన్నాడు. చేపలకు వేసేలాంటి ఎర. నేను చెంబు తీసి, నేల తుడిచి, "ఎర ఏమిటి, కాయే," అన్నాను.

"మొద్దు," అన్నాడు స్పష్టంగా.

ఆ మాట జాబితాలో లేదు. అది ఆయన సొంతం. తిట్లు వస్తున్నాయంటే మాట వస్తున్నట్టే కదా. టీచరమ్మకు అది చెప్పలేదు.

నేను కసి తీర్చుకుంటున్నాను. అంతకు మించి ఇంకేమీ లేదు. ఇన్నాళ్ళూ నా తప్పులకు నవ్వాడు. ఇప్పుడు ఆ తప్పులే నేను కావాలని చేస్తుంటే కుతకుతలాడుతున్నాడు. చూడటానికి బాగుంది.

మార్చి 8

ఒక సంగతి. ఓపిగ్గా, నెమ్మదిగా, సరైన అర్థం చెప్తే ఒక్క ముక్క పలకడు. నిన్న పరీక్షించి చూశాను. ఇవాళా చూశాను. ఒప్పు చెప్తే గోడ. తప్పు చెప్తే మనిషి.

కాబట్టి ఈయనకు మాట రావాలంటే నేను రోజూ పొద్దునా సాయంత్రం మొద్దునై కూర్చోవాలి. ఎవరు ఎవరి మీద కసి తీర్చుకుంటున్నారో ఒక్కోసారి తెలియడం లేదు.

తలనొప్పి. ఇవాళ్టికి చాలు.

మార్చి 11

వరుస అప్పజెబుతూ "లారీ" అన్నాడు. తర్వాత "సారీ" అన్నాడు. తర్వాత రావాల్సింది "స్టోరీ." అది రాలేదు. సారీ దగ్గరే ఆగి నావైపు చూశాడు.

"అర్థం?" అన్నాను.

"అదే," అన్నాడు.

చార్టులో లారీ తర్వాత ఉండేది అదే. నేనేమీ వేరుగా తీసుకోలేదు. ఇంకోసారి చెప్పమన్నాను, పలకడం సరిగ్గా ఉందో లేదో చూడటానికి. చెప్పాడు. మళ్ళీ చెప్పమన్నాను.

ఈసారి కిటికీవైపు తిరిగాడు.

మార్చి 16

పెద్ద గొడవ. వివరంగా రాసి పెట్టుకుంటాను, రేపు ఎవరైనా ఇంకోలా చెప్తే నాకైనా గుర్తుండాలి.

సాయంత్రం పాఠం నడుస్తోంది. "గాడీ అంటే బండి," అన్నాను, కళ్ళు చెదిరే ఎబ్బెట్టు రంగులని తెలిసే. ఆయన బల్ల గుద్దుతూ "కాదు, మొద్దు, కాదు" అంటున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కూడా వస్తున్నాయి, కోపానికి. "ఏం నువ్వు చెప్పు మరి. చెప్పలేవు కదా," అన్నాను.

గుమ్మంలో ఆడపడుచు. ఎప్పటి నుంచి నిలబడిందో.

"వదినా, ఏం చేస్తున్నావు నువ్వు?"

"పాఠం."

"మా అన్నయ్యను 'నువ్వు' అంటున్నావా?"

"ఎవరిని ఏమనాలో నాకు తెలుసు."

"తప్పు తప్పు అర్థాలు చెప్పి మనిషిని గుక్కపెట్టి ఏడిపిస్తున్నావు. నోరు లేని మనిషి దొరికాడని ఇన్నేళ్ళదీ కక్ష తీర్చుకుంటున్నావు."

"తప్పు చెప్తేనే ఆయనకు మాట వస్తోంది."

చెప్పింది నిజమే. కానీ నా చెవికే అబద్ధంలా వినిపించింది. ఆడపడుచు నవ్వింది.

"అంత తెలివైనదానివి ఎప్పటి నుంచి అయ్యావు?" అని ఆయన చొక్కాలు సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. "పద అన్నయ్యా, మా ఇంట్లో ఉందువు గాని."

ఆయన అడ్డు చెప్తాడేమో అనుకున్నాను. చెప్పడానికి ఒక మాట ఉంది కదా ఇప్పుడు, కాదు అని. అనలేదు. లేచి కర్ర అందుకున్నాడు. గుమ్మం దాటుతూ ఒక్కసారి వెనక్కి చూశాడు. చార్టువైపో నావైపో తెలియదు, చార్టూ నేనూ ఒకే వైపున్నాం.

మార్చి 17

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. హాయిగా ఉంది.

మార్చి 18

హాయిగా ఉంది.

మార్చి 22

షాపు నుంచి ఇంటికి ఆడపడుచు వీధి మీదుగా వస్తున్నాను. అటు నీడ ఎక్కువ.

మార్చి 27

ఇవాళ ఆ వీధిలో వాళ్ళ వరండా కనబడింది. కుర్చీలో కూర్చోబెట్టారు. ఆడపడుచు పక్కనే స్టూలు మీద కూర్చుని చెంచాతో తినిపిస్తోంది. "అన్నయ్యా, ఎంప్టీ అంటే ఖాళీ, సరేనా, మా అన్నయ్యకు అన్నీ వచ్చు," అంటోంది పాలుతాగే బిడ్డతో మాట్లాడినట్టు. ఆయన దూరంగా ఏదో చూస్తున్నాడు. నన్ను కాదు. నేను గోడ వారగా ఉన్నాను.

మొహంలో కోపం లేదు. ఏమీ లేదు.

బల్లి కథ గుర్తొచ్చి నవ్వొచ్చింది. వీధిలో ఒక్కదాన్నే నవ్వుకుంటూ నడిస్తే జనం ఏమనుకుంటారని ఆపుకున్నాను.

ఏప్రిల్ 3

టీచరమ్మ షాపుకే వచ్చింది. కళ్ళద్దాల కోసం అనుకున్నాను.

"ఆయన మళ్ళీ వెనక్కి పోయారు," అంది. "అదే తప్ప ఇంకో మాట లేదు. 'కాదు' కూడా పోయింది. వాళ్ళ చెల్లెలు ఎంతో ప్రేమగా చూసుకుంటున్నారు, అయినా ఇలా ఎందుకవుతోందో తెలియడం లేదు. మీ దగ్గర ఉన్నప్పుడు అసలు ఏం చేసేవారు? దాచకుండా చెప్పండి."

చెప్పాను. బుల్లి మొక్క దగ్గర నుంచి గాడీ బండి దాకా. ఆమె చేతిలోని ఫ్రేమును తిప్పుతూ వింది. తిడుతుందనుకున్నాను.

"కోపంలో కొందరికి మాట వస్తుంది," అంది చివరికి. "నేను పుస్తకాల్లో చదివాను గానీ ఇలా చూడలేదు. శనివారం వాళ్ళింటికి రండి. నా ముందు చెయ్యండి."

"నన్ను గుమ్మం ఎక్కనిస్తారా?"

"నేను మాట్లాడతాను."

"నాకు ఇష్టం లేదు," అన్నాను.

"ఆయన కోసం కాకపోయినా," అని ఆగిపోయింది. ఎవరి కోసమో చెప్పలేదు.

ఏప్రిల్ 5

వెళ్ళాను.

ఆడపడుచు తలుపు తీసి పక్కకు తప్పుకుంది, రమ్మని అనలేదు. ముందుగదిలో ఆయన, టీచరమ్మ. ఆడపడుచు భర్త కూడా పేపరు మడిచి కూర్చున్నాడు, వేడుక చూడటానికి. నలుగురి మధ్యలో నేను. హెడ్మాస్టరు ఇంట్లో కూడా సరిగ్గా ఇలాగే చుట్టూ కూర్చున్నారు.

ఆయన నన్ను చూసి కదిలాడు. అంతే. నేను ఎదురుగా కూర్చుని వరుస అందుకున్నాను. "క్యారీ," అన్నాను. "మ్యారీ," అన్నాడు ఆయన, అలవాటుగా.

"మ్యారీ అంటే మారిపోవడం," అన్నాను. "మనిషి మారిపోయాడు అంటాం చూడు, అదే మ్యారీ."

ఆయన చెవులు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. నాకు గుర్తున్న వరుసే. కర్ర నేలకేసి కొట్టాడు.

"కాదు," అన్నాడు. "పెళ్ళి. మ్యారీ అంటే పెళ్ళి. నిన్ను... నిన్ను చేసుకున్నాను చూడు. ఆ తప్పు. మొద్దుమొహమా, జన్మలో రాదు నీకు."

తడబడకుండా. మధ్యలో ఒక్కచోట తప్ప ఎక్కడా ఆగకుండా. ఇన్నాళ్ళ తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి పూర్తి వాక్యం అది.

ఆడపడుచు ఏడుస్తూ వెళ్ళి ఆయన్ను పట్టుకుంది. "అన్నయ్య మాట్లాడాడు, అన్నయ్య మాట్లాడాడు." టీచరమ్మ చప్పట్లు కొట్టబోయి నన్ను చూసి చేతులు దించుకుంది. ఆడపడుచు భర్త, "ఇంకోసారి అనిపించండి," అన్నాడు.

నేను లేచాను.

"కూర్చో వదినా," అంది ఆడపడుచు కళ్ళు తుడుచుకుంటూ. ఇప్పుడు గౌరవం వచ్చింది. "నువ్వు అన్నది నిజమే. రోజూ వచ్చి చెప్పు. కాదంటే అన్నయ్యను ఇంటికే పంపిస్తాను."

"వద్దు. మాట వచ్చింది కదా, ఇక్కడే ఉంచుకో. రోజూ తిట్టించుకో," అన్నాను.

"అనారోగ్యం మనిషి వదినా. ఆయన మాటలు పట్టించుకుంటావా?"

"ఆరోగ్యంగా ఉన్నప్పుడూ ఇవే మాటలు," అన్నాను. చెప్పులు వేసుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 6

జన్మలో రాదు నీకు.

ఏప్రిల్ 7

యజమానితో సరేనన్నాను. పన్నెండున కొత్త షాపు తెరుస్తున్నాం. నేను ఒక్కదాన్నే చూసుకుంటాను.

ఇంట్లో చార్టు తీసేశాను. గోడ మీద దాని మేరకు తెల్లగా మిగిలింది.

ఏప్రిల్ 13

మొదటి రోజే ఒకావిడ ఇంగ్లీషులో అడిగింది. నేను తెలుగులో జవాబు చెప్పాను. రెండు జతలు తీసుకుంది.

ఏప్రిల్ 19

మధ్యాహ్నం ఎండలో ఆయన వచ్చాడు. ఒక్కడే, కర్ర పట్టుకుని. చొక్కా గుండీలు ఒక మెట్టు తప్పించి పెట్టుకున్నాడు. గాజుతలుపు ఎటు తీయాలో తెలియక భుజంతో నెట్టాడు.

నేను ఒక ముసలాయన ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్నాను. "కూర్చోండి," అన్నాను, షాపులోకి వచ్చిన ఎవరితోనైనా అన్నట్టే. కూర్చున్నాడు. ముసలాయన అద్దంలో అటూ ఇటూ చూసుకుని, మెచ్చుకుని వెళ్ళేదాకా నేను ఆ వైపు చూడలేదు.

"మీ చెల్లెలికి తెలుసా వచ్చినట్టు?"

తల అడ్డంగా ఊపాడు.

"ఏం కావాలి?"

చాలాసేపు పట్టింది. మొన్నటి ధాటి ఏమీ లేదు. ఒక్కో మాట బావిలోంచి తోడినట్టు తోడాడు.

"రా. వచ్చి... తప్పు... చెప్పు."

"ఎందుకు, నాకు ఒప్పు రాదు కదా."

"వచ్చు," అన్నాడు. "నీకు... అన్నీ... వచ్చు. గోడ... వెనక." చేత్తో గోడ చూపించాడు. అక్కడ కళ్ళద్దాల అర ఉంది.

నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. దాన్ని సొరుగులో పెట్టాను. "కావాలనే తప్పు చెప్తున్నానని తెలుసా? ఎప్పటి నుంచి?"

"బుల్లీ."

మొదటి రోజు నుంచే అన్నమాట. బల్లులూ కాయలూ బండ్లూ అన్నీ తెలిసే విన్నాడు.

"తెలిసి కూడా ఎందుకు అరిచారు?"

"అరిస్తే..." గొంతు మీద వేలు పెట్టుకున్నాడు. "వస్తోంది. అరిస్తేనే."

అబద్ధం కాదని మొహం చూస్తే తెలుస్తోంది. ఒక్క క్షణం నాకు జాలేసింది. వేసిందని రాసుకోవడానికి సిగ్గేం లేదు. ఆ జాలి వెనకాలే ఇంకోటి వచ్చింది.

"సరే. ఇప్పుడు మాట రాక అరిచారు. మరి అంతకు ముందు? మాట గంగలా పారే రోజుల్లో? అప్పుడెందుకు అరిచారు? అందరి ముందూ నన్నెందుకు నవ్వులపాలు చేశారు?"

ఇన్నేళ్ళలో ఈ ప్రశ్న నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే అందులో రెండు తప్పులు పట్టుకుని నవ్వేవాడు.

"అదే" అనలేదు. కాదనలేదు. నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. ఇంతలో ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురికి నీలం ఫ్రేము కావాలి, తల్లికి నల్లది కావాలి. వాళ్ళ పోట్లాట తెగి, కొలతలు తీసి పంపించి చూస్తే ఆయన ఇంకా వెతుక్కుంటూనే ఉన్నాడు. నేను అందించలేదు. తప్పూ అందించలేదు, ఒప్పూ అందించలేదు.

సాయంత్రానికి ఆడపడుచు పరిగెత్తుకుంటూ వచ్చింది, వీధులన్నీ వెతికి. "ఇక్కడున్నావా అన్నయ్యా. పద, పద."

"ఉండు," అన్నాడు ఆమెతో.

అరవకుండా వచ్చింది ఆ మాట. ఆడపడుచు గమనించలేదు.

షట్టరు దించే వేళైంది. జవాబు దొరకలేదు. లేచి, గుమ్మం దగ్గర ఆగి, "రేపు," అన్నాడు.

"పదింటికి తెరుస్తాను," అన్నాను. "జవాబు ఉంటేనే రండి."

ఏప్రిల్ 20

నేను వెళ్ళేసరికే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇవాళ గుండీలు సరిగ్గా ఉన్నాయి. పక్కన చెల్లెలు లేదు.

"దొరికిందా?"

తల ఊపాడు. నేను తాళం తీయకుండా నిలబడ్డాను. పక్క షాపువాడు నీళ్ళు చల్లుతున్నాడు. ఆయన నేలవైపు చూస్తూ అన్నాడు.

"సరదా."

"ఏమిటి?"

"సరదాకి. నవ్వేవాళ్ళు... అందరూ. బాగుండేది. నాకు."

కోపం అనో, దిగులనో, పెద్ద మాటేదో తెస్తాడనుకున్నాను. అలాంటిదేదైనా తెచ్చి ఉంటే క్షమించాల్సి వచ్చేదేమో. సరదాకి. ఆ మాట అంటుంటే ఆయన మొహంలో నవ్వు లేదు, కన్నీళ్ళూ లేవు. దొంగిలించిన వస్తువును తెచ్చి బల్ల మీద పెట్టినట్టు పెట్టాడు.

నేను తాళం తీసి షట్టరు ఎత్తాను. లోపలికి వెళ్ళి దీపాలు వేశాను, అద్దాలు తుడిచాను. ఆయన మెట్ల మీదే ఉన్నాడు. బయటికి వచ్చి చెప్పాను.

"తప్పులు చెప్పను. ఇక జన్మలో చెప్పను. కస్టమర్లు లేనప్పుడు ఒప్పులు చెప్తాను. నేను చెప్పింది విని, మీరు నా వెనకాల అనాలి. కోపం తెచ్చుకుంటే బయటికి పంపిస్తాను. ఇష్టమైతే రండి, లేకపోతే మీ చెల్లెలింటికి వెళ్ళండి."

కాసేపు వీధివైపు చూశాడు. తర్వాత కర్ర ఊతంగా లేచి లోపలికి వచ్చి గోడ వారగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

"ఎంప్టీ," అన్నాను. "ఖాళీ."

మధ్యాహ్నం దాకా ఆ ఒక్క మాటే. రాలేదు. నేను గొంతు పెంచలేదు, ఆయనా పెంచలేదు. రేపూ రాకపోవచ్చు. అరవకుండా రావాలంటే ఆలస్యమవుతుంది. అయితే అవనీ.